గొట్టం మూతిలో తడిమట్టి

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మాది రావిర్యాల. పట్నంలో వైరింగు పని నేర్చుకుని, ఒక ఉస్తాద్ దగ్గర చేరి మూడేళ్లయింది. ఇబ్రహీంపట్నం దాటగానే మన్నెగూడ బాట మీద లారీల సేటు ఒకాయన కొత్తగా షెడ్డు కట్టించి, భూమిలో పెట్రోలు ట్యాంకు పాతించాడు. చేతి పంపుతో తోడితే ఆలస్యమవుతోందని కరెంటు మోటారు పెట్టించాలనుకున్నాడు. ఆ పని ఉస్తాద్‌కు వచ్చింది. ఆయన వెంట నేను వచ్చాను. ఇంటికి దగ్గరగా పని దొరికిందని సంతోషపడ్డాను కూడా.

ఉస్తాద్‌కు నలభై ఏళ్లుంటాయి. పట్నం ముసల్మాను. బొంబాయి రేవులో నూనె ఓడల దగ్గర పదేళ్లు కరెంటు పని చేసి వచ్చిన మనిషి. ఎడమ చెవి కొస కాలి ముడుచుకుపోయి ఉండేది. ఎట్లా కాలిందని అడిగితే "పెట్రోలు గాలి" అని మాత్రం అనేవాడు. నన్ను ఏనాడూ కొట్టలేదు, తిట్టలేదు. ఆ కాలంలో ఉస్తాద్‌ల చేతి దెబ్బలు తినకుండా పని నేర్చుకున్నవాణ్ణి నా ఎరుకలో నేనొక్కణ్ణే.

షెడ్డులో పంపు ఒక లోతు గుంటలో ఉండేది. అక్కడికి నలభై అడుగుల దూరంలో చిన్న రాతి గది. అందులో స్విచ్చుల బోర్డు, బ్యాటరీలు. గది పక్కన చూరు కింద డైనమో తిప్పే ఇంజిను. బోర్డు నుంచి పంపు గుంట దాకా తీగలు పోవడానికి భూమిలో ఇనుప గొట్టం పాతాము. గొట్టం పాతిన రోజు ఉస్తాద్ నన్ను గుంటలోకి దింపి, తాను అంచున కూర్చుని చెప్పాడు.

"చూడు, పెట్రోలు కన్న పెట్రోలు గాలి ఖతర్నాక్. నీళ్ల లెక్క పల్లానికి పారుతది. గీ గుంటల నిండుతది. నిండి గీ గొట్టంల జొరబడి సీదా బోర్డు గదిలకు వస్తది. గాడ స్విచ్చు ఏస్తె మెరుపు లేస్తది గద? గంతే. అటు గాలి, ఇటు నిప్పు. నడుమ దర్వాజ మూసుడే మన పని."

ఆ దర్వాజానే సీలు. గొట్టం గుంటలోంచి బయటికి పోయేచోట గిన్నెలాంటి ఇనుప జోడు బిగిస్తారు. దానికి పక్కన చిన్న మూతి ఉంటుంది. లోపల తీగలను ఒకదానికొకటి తగలకుండా విడదీసి, కింద జనపనార కూరి, ఒక రకం పొడిని నీళ్లలో జావలా కలిపి ఆ మూతిలోంచి పోయాలి. పోసి మర బిగించాలి. అది గట్టిపడి రాయి అవుతుంది. ఇక అటు గాలి ఇటు రాదు. ఆ పొడి ఇక్కడ దొరికేది కాదు. ఉస్తాద్ బొంబాయి నుంచి వచ్చే ఒక తెలిసిన మనిషిని బతిమాలి ఒకే ఒక డబ్బా తెప్పించాడు.

అవి ఎటూ కదలలేని రోజులు. నిజాం రాజ్యం సరిహద్దులు మూసేశారు. బొంబాయి సరుకు రావడం లేదు, పెట్రోలు అసలే రావడం లేదు. సేటు ట్యాంకు పాతించాడే గాని అందులో చుక్క లేదు. బాట మీద రజాకార్ల జీపు కనబడితే జనం చేలల్లోకి పరుగెత్తేవారు. ఊళ్లలో సంఘపోళ్లు, అంటే కమ్యూనిస్టులు, తిరుగుతున్నారని చెప్పుకునేవారు. మేము మాత్రం తీగలు లాగుతూ, మరలు బిగిస్తూ ఉండిపోయాము.

తీగలు లాగడం అయిపోయిన రోజు పట్నంలో గొడవలని కబురు వచ్చి ఉస్తాద్ బయల్దేరాడు. పోతూ పోతూ డబ్బా నా చేతికిచ్చాడు.

"రేపు పొద్దుగాల సీలు పొయ్యి. జరంత తడి తగిలినా ఖరాబైతది. పైలం."

నేను ఆ సాయంత్రం మూత తీసి పొడి ఎట్లా ఉందో చూశాను. వేళ్ల మధ్య నలిపాను. మూత సరిగా నొక్కలేదు. షెడ్డు రేకులు కొత్తవే అయినా సందు ఉంది. ఆ రాత్రి వాన కురిసి, నీళ్లు కారి డబ్బాలో పడ్డాయి. తెల్లారి చూస్తే లోపల పొడి లేదు, గడ్డ ఉంది. సుత్తితో కొట్టాను. డబ్బా సొట్టపోయింది గాని గడ్డ పగల్లేదు.

ఇంకో డబ్బా తెప్పించే దారి లేదు. ఉస్తాద్ నన్ను నమ్మి ఇచ్చిన మొదటి పని అది. నేను చెరువు అంచుకు పోయి బంకమట్టి తెచ్చాను. జనపనార పద్ధతిగానే కూరి, దాని మీద తడిమట్టిని వేలితో నొక్కి నొక్కి నింపి, మర బిగించాను. బయటి నుంచి చూస్తే ఎవరికీ తెలియదు. గడ్డకట్టిన డబ్బాను చెరువులో పారేశాను.

నాలుగు రోజులకు ఉస్తాద్ తిరిగొచ్చాడు.

"సీలు పోసినవా?"

"పోసిన ఉస్తాద్."

"గట్టివడ్డదా?"

"రాయి లెక్క అయింది."

పానాతో ఆ జోడు మీద రెండుసార్లు తట్టి, నా భుజం మీద చెయ్యి వేశాడు. ట్యాంకులో పెట్రోలే లేదు కదా, కొత్త డబ్బా వచ్చిన రోజు చాటుగా విప్పి సరిగా పోద్దాము అనుకున్నాను. నిజం చెప్పాలంటే, కొన్నాళ్లకు ఆ సంగతే మరిచిపోయాను.

తర్వాత పోలీసు చర్య జరిగింది. యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడన్నారు. మా బాట మీద వరసగా మిలటరీ బండ్లు. వాటి వెనకే పెట్రోలు పీపాలు. సేటు ట్యాంకు మొట్టమొదటిసారి నిండింది. డైనమో పట్టా తెగి ఉండడంతో మోటారు నడపలేదు. సిపాయిలే చేతి పంపుతో తోడుకునేవారు. తొందరలో సగం డబ్బాలో పడితే సగం గుంటలో ఒలికేది. షెడ్డంతా పెట్రోలు కంపు.

ఆ వారంలోనే జిల్లాల నుంచి భయంకరమైన కబుర్లు రాసాగాయి. రజాకార్ల మీది కోపం ఏ పాపం ఎరుగని ముసల్మానుల ఇళ్ల మీద పడుతోందని. ఉస్తాద్ భార్య అప్పుడు నల్గొండ వైపు పుట్టింట్లో ఉంది. నేను ఆమెను ఆపా అని పిలిచేవాణ్ణి, ఆమె నన్ను తమ్ముడూ అనేది. ఉస్తాద్ రెండు రోజులు కనబడకుండా పోయి, మూడో రోజు మధ్యాహ్నం ఒక గడ్డిబండి వెంట నడిచి వచ్చాడు. గడ్డి తీస్తే లోపల ఆపా. చెప్పులు లేవు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

ఉస్తాద్ ఆమెను బోర్డు గదిలోకి తీసుకుపోయాడు. గోడ పైన గాలి కోసం వదిలిన కంతల్లో గోనె గుడ్డలు కుక్కాడు, లోపల మనిషి ఉన్నట్టు తెలియకుండా. చాప, బిందె, కిరోసిన్ స్టవ్వు పెట్టించాడు.

"పట్నం బాట సాఫ్ అయ్యేదాక ఈడనే ఉంటది. ఇంతకన్న భద్రమైన జాగ లేదు. రాతి గోడ, ఒక్కటే తలుపు. పెట్రోలు పక్కన ఉన్నది గని గాలి రాదు. సీలు నువ్వే పోసినవ్ గద" అన్నాడు నాతో.

అప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను కూడా. సిపాయిలు డబ్బాలు మోగిస్తూ అటువైపు వస్తున్నారు. ఉస్తాద్ గబుక్కున తలుపు వేసేశాడు. నేను నోరు మూసుకున్నాను.

మరునాడు సాయంత్రం నీళ్లు ఇవ్వడానికి పోయాను. తలుపు సందులోంచి ఆపా అంది:

"తమ్ముడూ, జర తల తిరుగుతుంది. పెట్రోలు వాసన మస్తుగ వస్తుంది లోపట."

లోపలికి వంగి గొట్టం బయటికొచ్చే మూల వాసన చూశాను. అక్కడ ఎక్కువగా ఉంది. అది నాకు తెలిసింది. ఇన్నేళ్ల తర్వాత అయినా తెలియలేదని రాసుకోలేను. తెలిసింది.

"బయట బండ్లు నింపుతున్నరు ఆపా. గాలి ఇటే కొడుతుంది. జర ఓర్చుకో" అన్నాను.

"తలుపు కొంచెం తీసి పెట్టుకుంటనే?"

"వద్దు ఆపా. ఎవలన్న చూస్తరు."

ఆమె సరేనని తలుపు వేసుకుంది. నేను రావిర్యాలకు నడుచుకుంటూ పోతూ, తెల్లారి మళ్లీ మట్టి తెచ్చి నింపుదామనుకున్నాను. మట్టి ఎండితే బీటలు పడుతుందన్నది ఎవరికి తెలియదు? చిన్నప్పటి నుంచి ఎండాకాలం చెరువు చూసినవాణ్ణి.

పొద్దున్నే అమ్మ ఆపా కోసం జొన్నరొట్టెలు కట్టి ఇచ్చింది. దారిలో చెరువు అంచున ఆగి మట్టి తవ్వి గోనెలో చుట్టుకున్నాను. షెడ్డు కనబడే దూరానికి వచ్చాను. ఉస్తాద్ పంపు దగ్గర నిలబడి బీడీ లేకుండా ఉత్త చేతులతో ఉన్నాడు. షెడ్డులో బీడీ ముట్టించడు, ఆ మనిషి అంత జాగ్రత్త.

ధబ్ మని చప్పుడు వచ్చింది. గట్టిగా కాదు, బరువుగా. పెద్ద బస్తా ఎత్తునుంచి పడేసినట్టు. బోర్డు గది తలుపు చెక్కలు ఎగిరి బాట మీద పడ్డాయి. పై రేకులు లేచి, మళ్లీ వంకరగా కూర్చున్నాయి. నేను మూటలతోనే అటు ఉరికాను. అప్పుడు గదిలోంచి ఆపా నడిచి వచ్చింది. పరుగెత్తలేదు, నడిచి వచ్చింది. చేతులు రెండూ ముందుకు చాచి ఉన్నాయి. వాటి మీద చర్మం తడిగుడ్డలా వేలాడుతోంది. నుదుటి మీద జుట్టు లేదు.

"చాయ్ పెట్టుకుందామని అగ్గిపుల్ల గీకిన" అంది. ఎవరితోనో మామూలుగా చెప్తున్నట్టు అంది. తర్వాత కూర్చుండిపోయింది.

నా చేతిలో రొట్టెల మూట, మట్టి మూట రెండూ అట్లాగే ఉన్నాయి. నీళ్ల కోసం ఉరికిన ఉస్తాద్ చెవిన ఆమె మాట పడలేదు; బిందెతో వచ్చి నన్ను తోసేసి ఆమె మీద నీళ్లు పోశాడు. బాట పక్క చేలల్లో పని చేసేవాళ్లు ఉరికొచ్చారు. ఎవరికి భయపడి ఆమెను దాచామో ఆ జనమే. ఒక ముసలావిడ తన పైబట్ట తీసి ఆపాను కప్పింది. ఒకతను బండి కట్టాడు. బండిని ఇబ్రహీంపట్నం దవాఖానకు తోలారు. ఉస్తాద్ బండి ఎక్కబోతుంటే సిపాయిలు ఆపారు.

మిలటరీ అఫ్సరుకు తెలుగూ ఉర్దూ రావు, ఇంగ్లీషే. ఊరి బడిపంతులు మాట అటూ ఇటూ చెప్పాడు. గదిలో బాంబు పేలిందా, పెట్రోలు అంటుకుందా అని అఫ్సరు అడిగాడు. ఉస్తాద్ ఏమన్నాడో నా చెవులతో విన్నాను.

"పెట్రోలు గాలి కాదు సాబ్. గా గొట్టం సీలు పోసినం. మా పిలగాడే పోసిండు. గాలి లోపటికి రానే రాదు. ఎవడో బాంబు ఏసిండు."

పంతులు అది చెప్పగానే అఫ్సరు ముఖం మారిపోయింది. తలుపు లోపలి గడియ పెట్టి ఉంది. బయటి నుంచి ఎవరూ వేయలేదు. అయితే బాంబు లోపలే ఉండాలి. ఒక ముసల్మాను మిస్త్రీ, పెట్రోలు షెడ్డులో, గది కంతలకు గోనెలు కుక్కి, ఎవరికీ తెలియకుండా ఏదో దాచాడు. రజాకార్ల బాంబులా? సంఘపోళ్లవా? ఉస్తాద్ చేతులు తాడుతో కట్టి ఠాణాకు నడిపించారు. పోతూ ఆయన నా వైపు తిరిగి "ఆపాను చూసుకో" అన్నాడు.

నేను అప్పుడూ చెప్పలేదు. సేటు నా రెక్క పట్టుకుని చెవిలో "నోరు తెరిస్తె నిన్ను గూడ కడతరు. సప్పుడు జేయకుండ ఇంటికి పో" అన్నాడు. ఆయన అనకపోయినా నేను చెప్పి ఉండేవాణ్ణి కాదేమో.

దవాఖానలో ఆపా చేతులకు, ముఖానికి మందు పూసి గుడ్డలు చుట్టారు. అరటాకుల మీద పడుకోబెట్టారు. కళ్లు వాచి మూసుకుపోయాయి. ఆ రోజంతా ఆమె ఒక్కటే అడిగింది: "ఆయన ఎందుకు రాలే?" నేను "వస్తడు" అన్నాను. మా అమ్మ వచ్చి పక్కన కూర్చుని, ప్రార్థన చేసుకుంటూ, చెంచాతో గంజి పోసింది. గంజి పోస్తూ పోస్తూ నా ముఖం చూసింది.

"ఏందిరా, నువ్వేమన్న జేసినవా?"

బయట వరండాలో మా అమ్మకు మొత్తం చెప్పాను. డబ్బా, వాన, మట్టి. వాసన సంగతి తప్ప. అమ్మ నన్ను తిట్టలేదు. గంజి గిన్నె కింద పెట్టి, "ఠాణాకు నడువు. నేను గూడ వస్త" అంది.

మరునాడు పొద్దున ఠాణా వరండాలో ఉస్తాద్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కింది పెదవి పగిలి ఉంది. నేను అఫ్సరు ముందు నిలబడి, ఉస్తాద్ వైపు చూడకుండా, పంతులుకు చెప్పాను. సీలు పోయలేదు, పొడి చెడగొట్టాను, మట్టి కూరాను, బాంబు లేదు, పెట్రోలు గాలే. పంతులు సగంలో ఆగి నన్ను చూసి, "నిజమేనా? ప్రాణాల మీదికి వస్తుంది" అన్నాడు. నిజమేనన్నాను. అప్పుడు ఉస్తాద్ గొంతు వినబడింది.

"అబద్ధం సాబ్. నన్ను ఇడిపించనీకె చెప్తుండు పిల్లడు. వాడు గట్ల జెయ్యడు."

అక్కడే నేల మీద కూర్చున్నాను.

అఫ్సరు నిదానమైన మనిషి. ఇద్దరినీ షెడ్డుకు నడిపించాడు. గుంటలోకి దిగి జోడు విప్పమన్నాడు. నన్ను పక్కన నిలబెట్టి, ఉస్తాద్ కట్లు విప్పి ఆయన్నే దింపారు. మర తిరిగింది. ఉస్తాద్ స్క్రూడ్రైవరు లోపల పెట్టాడు. రాయి తగలాల్సిన చోట అది పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే ఎండిన మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలి ఆయన అరచేతిలో పడ్డాయి. ఉస్తాద్ వాటిని చూస్తూ ఉండిపోయాడు. అఫ్సరు ఏదో అడిగాడు, పంతులు రెండుసార్లు చెప్పాడు, ఉస్తాద్ వినలేదు.

చివరికి తలెత్తి నా వంక చూశాడు.

"డబ్బ ఖరాబైందంటె కొడ్తుంటినారా నిన్ను? ఏనాడన్న కొట్టిన్నా?"

లేదన్నాను. ఆయన మట్టి అక్కడే వదిలేసి, పైకొచ్చి, ఎవరినీ అడక్కుండా దవాఖాన వైపు నడిచాడు. సిపాయిలు ఆపలేదు.

వారం తర్వాత ఆపాను పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. నేను రెండుసార్లు పోయాను. మొదటిసారి ఉస్తాద్ గుమ్మం దగ్గరే ఆపి, చెయ్యి అడ్డం పెట్టి, వద్దన్నట్టు తల ఊపాడు. రెండోసారి పోయినప్పుడు ఆయన లేడు. ఆపా నన్ను గుర్తుపట్టి రమ్మంది. కళ్లు పోలేదు. ఎడమ చేతి వేళ్లు రెండు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మంచం పక్కన కూర్చున్నాను. తనే అంది:

"వాసన వస్తుందని నీకు చెప్పిన గద తమ్ముడూ."

నేను తల దించుకున్నాను.

"గా మాట ఆయనకు చెప్పలే. నువ్వు గూడ చెప్పకు. అది వింటె ఆయన బతకడు."

ఇక అక్కడ కూర్చోలేకపోయాను. దవాఖాన మెట్లు దిగి, ఎటు నడుస్తున్నానో తెలియకుండా మూసీ ఒడ్డు దాకా పోయాను. ఆమె నన్ను క్షమించిందో, శిక్షించిందో అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.

చలికాలం అయ్యాక వాళ్లిద్దరూ పట్నం వదిలి ఆపా వాళ్ల అన్న దగ్గరికి, గుల్బర్గా వైపు పోయారని పనివాళ్లు చెప్పారు. ఉస్తాద్ అక్కడ కరెంటు పని మానేసి గడియారాలు బాగు చేస్తున్నాడని ఒకరన్నారు. ఎంత నిజమో కనుక్కోలేదు. సేటు షెడ్డు మరో ఆరేళ్లు నడిచింది. సీలు మళ్లీ పోసినవాడు పట్నం నుంచి వచ్చిన వేరే వైర్‌మన్. నన్ను ఆ గుంటలోకి దిగనివ్వలేదు, అది న్యాయమే.

నేను ఆ పని మాత్రం వదల్లేదు. ఆ తర్వాత చాలా బంకులకు తీగలు వేశాను. నా కింద పని చేసినవాళ్లు నాతో ఏ సామాను పాడైనా వచ్చి చెప్పేవారు. వాళ్లు భయపడకుండా ఉండాలని నేను పడిన తంటా వాళ్లకు తెలియదు. గుల్బర్గాకు ఒక్కసారి టిక్కెట్టు కొనుక్కుని, రైలు ఎక్కి, గుల్బర్గాకు ముందొచ్చే వాడి జంక్షనులోనే దిగిపోయాను. రెండు గంటలు బెంచీ మీద కూర్చుని, ఎదురుగా వచ్చిన బండిలో వెనక్కి వచ్చేశాను. మా అమ్మ అడిగితే వాళ్లు దొరకలేదని చెప్పాను.